యాభై కాళ్ళ బోర్డు

3వ తేదీ, సోమవారం

సాయంత్రం అక్క వచ్చింది. ఇస్త్రీ దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కొంగుకి ఇంకా వేడి బట్టల వాసన. చెప్పులు విప్పకుండానే సంచిలోంచి ఒక పల్చటి పెట్టె తీసి నా బల్ల మీద పెట్టింది. అరచేయి కన్నా కాస్త వెడల్పు, వేలంత మందం. డిస్కు తిప్పే డ్రైవు. ఎక్కడిదో చూడగానే తెలిసింది. కార్ఖానాలో కాటా గది కెమెరా రికార్డరుది.

"గ్రీజు మామ ఇచ్చాడు," అంది. "వానకి రికార్డరు తడిసిపోయిందని తుక్కులో పడేశారట. ఇదొక్కటి ఊడదీసి దాచాడు. లోపల డిస్కు అలాగే ఉందంట. ఆ రోజుదే."

ఆ రోజంటే బావ పోయిన రోజు. నలభై రెండు రోజులైంది.

డ్రైవుని అటూ ఇటూ తిప్పి చూశాను. చూడాల్సినదాని కంటే ఎక్కువసేపే చూశాను.

"నడుస్తుందా?"

"చూడాలి."

"నీ చేతిలో పడితే నడవనిదేముంది?"

ఈ మాట మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఉంది. రేడియోకి మీట పోతే సీసా మూత బిగించాను, ఫ్యానుకి పిన్ను విరిగితే సైకిలు పుల్ల దూర్చాను. లేనిదాని బదులు ఇంకోటి పెట్టి నడిపించడం నా విద్య. అది చూసే బావ నన్ను కార్ఖానాలో ఎలక్ట్రీషియనుగా పెట్టించాడు. పాత అట్టల్ని నొక్కి బేళ్ళు కట్టే ప్రెస్సు ఆయనది, దాని కరెంటు నాది.

ఇరవై అయిదున విచారణ. కార్ఖానా వాళ్ళు తమ కాగితం ఎప్పుడో రాసేసుకున్నారు. ఇరుక్కున్న అట్టల్ని తియ్యడానికి బావ ఫ్యూజు పీకకుండా ప్రెస్సులోకి దిగాడట, తప్పు ఆయనదేనట. గేటు దగ్గర నోటీసు బోర్డు మీద బావ ఫోటో అంటించి, కింద 'ఈ పొరపాటు మీరు చేయకండి' అని రాశారు. అక్క రోజూ ఇస్త్రీ మూటలతో ఆ గేటు ముందు నుంచే వెళ్ళాలి.

"ఆయన ఫ్యూజు తియ్యకుండా దిగే మనిషి కాదు," అంది అక్క. "అదొక్కటి తేలితే చాలు. ఆ ఫోటో అక్కణ్ణుంచి తీయించాలి. నాకింకేం వద్దురా."

చూస్తానన్నాను.

4వ తేదీ, మంగళవారం

డ్రైవు ముందు చిన్న చిల్లు ఉంటుంది, సూది గుచ్చితే డిస్కు బయటికొస్తుంది. తీసి కంప్యూటర్ల దుకాణంలో ఇంకో డ్రైవులో పెట్టించాను. ఖాళీ అని చూపించింది. అక్కతో అంతవరకే చెప్పి ఊరుకోవచ్చు. డిస్కు ఖాళీ అక్కా, అంటే అయిపోయేది.

కానీ నాకు నోటి దురద. "ఖాళీ కాదక్కా, రికార్డరు దాన్ని మూసేలోపే చచ్చిపోయింది. మూయని డిస్కుని ఏ డ్రైవు రాసిందో ఆ డ్రైవే చదవగలదు," అన్నాను. ఎంత తెలివి! అక్క కళ్ళు వెలిగాయి.

"అయితే ఈ డ్రైవునే కంప్యూటరుకి తగిలించు."

దీని నోరు వేరే. వెనకాల యాభై సన్నటి కాళ్ళు ఉంటాయి, మామూలు కంప్యూటరు కేబులు దీనికి పట్టదు. మధ్యలో ఒక బోర్డు కావాలి. దుకాణం ఆయన్ని అడిగితే నవ్వాడు. "ఇవి వాడేవాళ్ళు ఇంకా ఉన్నారా? తెప్పిస్తాను గానీ అయిదు వారాలు పడుతుంది," అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. బజారంతా నడిచి నడిచి ఆయాసం వచ్చింది, అందుకు.

"అయిదు వారాలంటే విచారణ అయిపోతుంది కదరా," అంది అక్క, దిగులుగా.

"నేను చేస్తాలే బోర్డు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఎవరైనా ఒకటి దొరకదంటే నా నోట్లోంచి వచ్చే మాట అదే.

5వ తేదీ, బుధవారం

కాటా గదిలో బల్బు మార్చే పని పడింది. కెమెరా కింద నిలబడి చూశాను. స్తంభం అడ్డం ఉంది. ప్రెస్సు కరెంటు పానెలు అక్కణ్ణుంచి కనపడదు.

7వ తేదీ, శుక్రవారం

గ్రీజు మామ చచ్చిన రికార్డరులోని బోర్డు కూడా తెచ్చిచ్చాడు. ఆయనకి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి మిషనుకీ గ్రీజు పెడుతున్నాడు, ఆయన షేక్‌హ్యాండు ఇస్తే రెండు రోజులు సబ్బు పెట్టుకోవాలి. ఆ బోర్డు మీద డ్రైవు యాభై కాళ్ళకి సరిపోయే జత ముక్క ఉంది. వేడిగాలితో జాగ్రత్తగా ఊడదీశాను. ఒక్క కాలు కూడా వంగలేదు.

కాగితం మీద పెన్సిలుతో గీస్తున్నాను. పాతిక కాళ్ళు పై వరుస, పాతిక కింది వరుస. కాలికీ కాలికీ మధ్య మిల్లీమీటరు కూడా లేదు. అటువైపు నలభై కాళ్ళ కేబులు, పక్కన కరెంటుకి నాలుగు. ఏ కాలు ఎక్కడికి పోవాలో, ఏది దేని మీద నుంచి దూకకుండా పోవాలో చూసుకుంటూ పోతే సాయంత్రం ఎలా గడిచిందో తెలియలేదు. ఇంత హాయిగా ఉండి చాలా రోజులైంది. సగంలో గుర్తొచ్చింది, ఇది దేనికోసమో.

ఆ రోజు నేను పిలిచాను. రెండుసార్లు పిలిచాను. ఇది ఇక్కడ రాసుకుంటే మంచిది.

9వ తేదీ, ఆదివారం

బోర్డు చేసే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గీతల్ని నున్నటి పత్రిక కాగితం మీద ముద్రిస్తే, ఆ నల్లటి పొడి మైనంలాంటిది. కాగితాన్ని రాగి రేకు మీద బోర్లించి ఇస్త్రీ పెట్టెతో రుద్దితే పొడి రాగికి అంటుకుంటుంది. తర్వాత రాగిని తినే నీళ్ళలో వేస్తే పొడి ఉన్నచోట మిగిలి, లేనిచోట పోతుంది.

పొద్దున రెండుసార్లు చేశాను. రెండుసార్లూ గీతలు సగం రాలేదు. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఒవ్వో ఓహ్ అఉఉంఓఇ," అన్నాను.

"నోట్లో ఆ తీగ తీసి మాట్లాడు, ఒక్క ముక్క అర్థం కావట్లేదు. చిన్నప్పటి నుంచీ ఇదే అలవాటు. పళ్ళతో పట్టుకున్నావంటే ఇల్లు కాలిపోతున్నా పలకవు."

తీగ తీసి, పొడి సరిగా అంటుకోవడం లేదని చెప్పాను.

"జరుగు. ఇస్త్రీ నువ్వు నాకు నేర్పుతావా?"

పెట్టె చేతిలోంచి లాక్కుంది. వేలు తడి చేసి అడుగు భాగానికి తాకించి వేడి చూసింది. ముందు మధ్యలో అదిమి పట్టి, తర్వాత కాలరు ఇస్త్రీ చేసినట్టు కొసతో అంచులు తిప్పుకుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా రోజుకి రెండు వందల చొక్కాలు చేసిన చెయ్యి. కాగితం నీళ్ళలో నాననిచ్చి తీస్తే ఒక్క గీత తెగలేదు. యాభైకి యాభై.

"చూశావా," అంది. బావ పోయాక అక్క నవ్వడం ఇదే మొదలు.

10వ తేదీ, సోమవారం

బోర్డు పనికిరాదు. గీతల్ని అద్దంలో చూసినట్టు తిప్పి ముద్రించాలి, కాగితం బోర్లిస్తాం కాబట్టి. తిప్పలేదు. ఒకటో కాలు ఉండాల్సినచోట యాభయ్యోది వచ్చింది.

పద్దెనిమిదేళ్ళుగా బోర్డులు చేస్తున్నవాణ్ణి. మరిచిపోయాను, అంతే. మనిషన్నాక మరుపు ఉండదా?

అక్కతో చెబితే, "పోనీలే, మళ్ళీ ఇస్త్రీ చేస్తా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

12వ తేదీ, బుధవారం

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన బావ వస్తువుల పొట్లాన్ని అక్క ఇన్నాళ్ళకి విప్పిందట. ఒక చిన్న వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టింది. తెల్లటి పింగాణీ గొట్టం, చిటికెన వేలంత. రెండు కొసలకీ ఇత్తడి టోపీలు.

"చొక్కా జేబులో ఉందట. ఏంట్రా ఇది?"

"ఏదో బల్బు హోల్డరు ముక్క. పనిలో జేబులో ఏవేవో వేసుకుంటాం."

"ఆయన జేబులో బీడీ ముక్క కూడా ఉండనిచ్చేవాడు కాదు," అంటూ దాన్ని కొంగుకి ముడి వేసుకుంది.

అన్నం తినలేకపోయాను.

14వ తేదీ, శుక్రవారం

గ్రీజు మామ వచ్చాడు. ఆయన వస్తాడని నాకు తెలియదు, అక్కే రమ్మందట. నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. రెండో బోర్డుకి కాగితం కోస్తున్నాను.

"మీ ఆయన పద్ధతి ఆడపిల్లలకి నగలు దాచినట్టు ఉండేదమ్మా," అన్నాడు మామ. "ప్రెస్సుకి కంట్రోలు ఫ్యూజు ఒకటే. అది లేకపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా మిషను కదలదు. ఎవడు లోపలికి దిగినా ముందు దాన్ని పీకి చొక్కా జేబులో పెట్టుకోవాలి, పైకి వచ్చాకే తిరిగి పెట్టాలి. ఫ్యూజు నీ జేబులో ఉన్నంతసేపూ ప్రాణం నీ జేబులో ఉన్నట్టే అనేవాడు. ఆ పద్ధతి పెట్టిందే ఆయన. ఆయనే మరిచిపోయాడంటే నేను నమ్మను."

అక్క కొంగు ముడి విప్పింది. పింగాణీ గొట్టాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇదేనా?"

మామ దాన్ని ముట్టుకోలేదు. వంగి చూశాడు.

"ఇదే."

నేను కత్తెరతో కాగితాన్ని కోస్తూనే ఉన్నాను. కోయాల్సింది ఎప్పుడో అయిపోయింది.

"అల్లుడూ," అన్నాడు మామ, "ఫ్యూజు ఆయన జేబులో ఉంటే, పానెల్లో దొరికిన ఫ్యూజు ఎక్కడిది?"

"స్పేరు ఏదైనా జేబులో వేసుకున్నాడేమో మామా."

మామ టీ తాగకుండానే లేచి వెళ్ళాడు. ఆయన గుమ్మం దాటాక అక్క అంది, మెల్లగా: "నాకు బల్బు హోల్డరు ముక్క అన్నావు."

"సరిగ్గా చూడలేదక్కా."

15వ తేదీ, శనివారం

ఇక్కడైనా రాయాలి. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఆ రోజు రెండు లారీలు బేళ్ళ కోసం నిలబడి ఉన్నాయి. ప్రెస్సు ఆగిపోయింది చూడమని షిఫ్టు ఇంచార్జి నన్ను పంపాడు. బటన్ నొక్కితే కదల్లేదు. పానెలు తలుపు తీశాను. ఫ్యూజు గూడు ఖాళీ.

ఖాళీ గూడు చూడగానే ఎవరో లోపల ఉన్నారని అనుకోవాలి. ఎవరైనా అదే అంటారు. కానీ పక్క లైను వాళ్ళు తమ ఫ్యూజు పోతే మాది పీక్కుపోవడం మామూలే. ఆ వారంలోనే రెండుసార్లు పట్టుకుపోయారు, రెండుసార్లూ నేను రాగి తీగ కట్టి నడిపించాను, ఇంచార్జి భుజం తట్టాడు. మూడోసారి కూడా అంతే అనుకున్నాను. తీగ చుట్ట ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. ఒక ముక్క కట్టాను. బటన్ నొక్కాను.

నొక్కే ముందు పిలిచాను. బావా అని మూడుసార్లు పిలిచాను. పలకలేదు. మోటార్ల రొద, అట్టల గుట్టలు, వాన. ఆయనకి వినపడి ఉండదు. మూడుసార్లు పిలిచాక ఎవరైనా ఏం చేస్తారు?

తర్వాత అందరూ ప్రెస్సు వైపు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. మళ్ళీ వెనక్కి వచ్చి తీగ ఊడదీసి, పక్క పానెల్లోంచి ఫ్యూజు ఒకటి తీసి ఆ గూట్లో పెట్టాను. దుమ్ము పోతుందని. గూడు తెరిచి ఉంచకూడదు.

దుమ్ము పోతుందని!

నాకు సిగ్గుగా ఉంది. బావ కోసం ఏడుపు వస్తోంది, అది నిజమైన ఏడుపే. కానీ అక్క ముందు ఏడిస్తే, ఆమె నన్ను ఓదారుస్తుంది. అది భరించలేను.

17వ తేదీ, సోమవారం

రెండో బోర్డు. ఈసారి తిప్పి ముద్రించాను. అక్కే అడిగింది ముందు, "అద్దంలో పెట్టి చూశావా?" అని. నా పనిలో అక్క చేయి తిరిగిపోతోంది.

ఇస్త్రీ మళ్ళీ ఆమే చేసింది. రాగిని తినే నీళ్ళ గిన్నెని అటూ ఇటూ ఊపుతూ అరగంట కూర్చుంది. బోర్డు తీసి కడిగి కిటికీ వెలుగులో పట్టుకుంది. గీతలు మెరుస్తున్నాయి.

"ఇంత సన్నటి గీతలు తెగకుండా వచ్చాయంటే ఆయనే చూస్తున్నాడురా," అంది.

18వ తేదీ, మంగళవారం

యాభై కాళ్ళకీ టంకం పెట్టాను. పన్నెండో కాలూ పదమూడో కాలూ అతుక్కుంటే విడదీశాను. మీటరు పెట్టి ఒక్కొక్కటీ చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

అక్క కరెంటు వైర్లు చూసి అడిగింది. చెప్పాను. ఎర్రదాంట్లో అయిదు వోల్టులు, పసుపుదాంట్లో పన్నెండు, నల్లవి రెండూ తిరిగి పోయేవి. ఈ పల్చటి డ్రైవుకి అయిదు చాలు. ఎర్రదే కలపాలి, పసుపుదాన్ని ఊరికే వదిలేయాలి.

"పొరపాటున పసుపుది కలిపితే?"

"ఒక్క ఊపిరిలో పొగ. డ్రైవు పోతుంది, మళ్ళీ ఎవడూ బాగుచేయలేడు."

"అమ్మో," అంది. "జాగ్రత్త."

19వ తేదీ, బుధవారం

ఎవరికైనా చెయ్యి తప్పుతుంది. రెండు వైర్లు పక్కపక్కనే ఉంటాయి.

20వ తేదీ, గురువారం

కరెంటు వైర్లు అతికించాను.

21వ తేదీ, శుక్రవారం

కార్ఖానా గేటు దగ్గర ఆగి బావ ఫోటో చూశాను. గుర్తింపు కార్డు ఫోటో, పెద్దది చేశారు. నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంటాడు అందులో. ఆ ఫోటో తీయించుకున్నప్పుడు పక్కన నేనే ఉన్నాను, ఏదో వెకిలి మాట అన్నాను. వానకి కింది అంటు ఊడి కాగితం ఒక మూల లేచింది. వేలితో అదిమి అంటించాను. ఎందుకు అంటించానో! చింపేయొచ్చు కదా.

రేపు అక్కకి సెలవు. రేపే పెట్టి చూద్దామంది.

22వ తేదీ, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకి అక్క వచ్చింది. తల స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఎక్కడికో పెద్దవాళ్ళింటికి వచ్చినట్టు. పాత కంప్యూటరు పెట్టె విప్పి సిద్ధంగా ఉంచాను. కేబులు బోర్డుకి, బోర్డు డ్రైవుకి. మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఆగు," అంది అక్క.

బోర్డు మీదికి వంగింది.

"పసుపుది కలపకూడదన్నావు కదా. ఇక్కడ పసుపుదే ఉంది. ఎర్రది ఊరికే వేలాడుతోంది."

"అరె," అన్నాను. "చూసుకోలేదు."

అక్క నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు నేను చక్కెర డబ్బా ఖాళీ చేసి చీమలు తిన్నాయని చెప్పినప్పుడు ఇలాగే చూసింది. ఆ రోజు ఏమీ అనలేదు, అమ్మకి చెప్పలేదు కూడా.

"నాతో ఏమైనా చెప్పాలా?"

చెప్పేశాను. నిలబడే చెప్పాను. ఫ్యూజు గూడు ఖాళీగా ఉందని, పక్క లైను వాళ్ళు పట్టుకుపోయారనుకున్నానని, తీగ కట్టానని, బటన్ నొక్కింది నేనేనని, ఫ్యూజు తర్వాత నేనే పెట్టానని. అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ అక్క స్టూలు అంచు పట్టుకుని కూర్చుంది.

"కానీ పిలిచానక్కా. నొక్కే ముందు బావా అని మూడుసార్లు పిలిచాను. నీ మీద ఒట్టు."

"మూడుసార్లు పిలిచావా?"

"పిలిచాను."

"ఆయనకి వినపడలేదన్నమాట." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ రొదలో ఏం వినపడుతుంది? నువ్వు పిలిచావు. అంతవరకు... పిలిచావు కదా. నీ మీద కోపం ఉంది నాకు, అబద్ధం చెప్పినందుకు, ఇన్నాళ్ళు నా ఎదురుగా కూర్చుని. అది పోదు. కానీ పిలిచావు."

నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు ఇంకా తెలుస్తోంది.

"ఆ వైరు మార్చు," అంది.

మార్చాను. స్విచ్ వేశాను. డ్రైవు ముందు చిన్న దీపం ఆకుపచ్చగా వెలిగింది, లోపల డిస్కు తిరిగే చప్పుడు వచ్చింది. కంప్యూటరు డ్రైవుని గుర్తుపట్టింది. నా బోర్డు మొదటిసారికే నడిచింది. అలాంటి వేళ కూడా, ఆ ఒక్క క్షణం, నాకు గర్వంగా అనిపించింది. ఇది కూడా రాయాలి.

బొమ్మ ఉంది, శబ్దం లేదు. స్తంభం అడ్డం లేదు. నేను నిలబడి చూసిన చోటు వేరు, కెమెరా చూసే చోటు వేరు. పానెలు నిండుగా కనపడుతోంది.

బావ వచ్చాడు. పానెలు తీశాడు. ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు, జేబు మీద రెండుసార్లు తట్టుకున్నాడు. అట్టల గుట్ట వెనక్కి వెళ్ళి ప్రెస్సులోకి దిగాడు.

"తీశాడు!" అంది అక్క. "చూశావా, తీశాడు. నేను చెప్పానా!" ఏడుస్తోంది, నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. "తీశాడురా!"

ఆరు నిమిషాల తర్వాత నేను వచ్చాను.

బటన్ నొక్కాను. పానెలు తలుపు తీశాను. గూట్లోకి తొంగి చూశాను. జేబులోంచి తీగ చుట్ట తీశాను, కొస పళ్ళతో పట్టుకున్నాను, లాగాను. ఒక ముక్క కత్తిరించి గూట్లో కట్టాను. మిగిలిన తీగ చుట్ట నోట్లోనే వేలాడుతోంది. ప్రెస్సు వైపు తల తిప్పలేదు. ఒక్కసారి కూడా తిప్పలేదు. తలుపు మోచేత్తో నెట్టి బటన్ నొక్కాను.

అందరూ పరిగెత్తుతున్నప్పుడు కూడా తీగ నా నోట్లోనే ఉంది.

అక్క చెయ్యి నా భుజం మీద నుంచి ఎప్పుడు తీసేసిందో తెలియదు. మళ్ళీ చూపించమంది. మళ్ళీ చూపించాను. మూడోసారి కూడా. మూడోసారి అయ్యాక, తెర వైపే చూస్తూ అడిగింది. గొంతు పెంచలేదు.

"నోట్లో తీగ పెట్టుకుని ఎలా పిలిచావురా?"

లేచింది. కొంగు ముడి విప్పి ఫ్యూజు బల్ల మీద పెట్టింది.

"ఇరవై అయిదున నువ్వే ఇవన్నీ పట్టుకురా. నీ బోర్డు లేకపోతే అది నడవదు కదా. పదింటికి వస్తాను, కింద నిలబడి పిలుస్తాను. పైకి రాను."

23వ తేదీ, ఆదివారం

పిలిచాను. నా గొంతు ఇప్పటికీ నా చెవిలో వినపడుతోంది, బావా అని. మూడుసార్లు. ఏసారి ఎలా పిలిచానో కూడా చెప్పగలను.

24వ తేదీ, సోమవారం

పనికి వెళ్ళలేదు. బోర్డు ముందు కూర్చున్నాను. పసుపు వైరు పక్కనే వేలాడుతోంది. ఒక్కసారి తాకిస్తే చాలు. అక్క ఒక్కతే చూసింది, ఇంకెవరూ చూడలేదు. ఆమె మాట ఎవరు నమ్ముతారు? బావ ఫోటో గేటు దగ్గరే ఉంటుంది, వానకి తడిసి దానంతటదే ఊడిపోతుంది. నేను పనికి వెళ్తాను. ఏదైనా పోతే, దాని బదులు ఇంకోటి పెట్టి నడిపిస్తాను.

వైరు కొస చేత్తో పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు.

తర్వాత ఒక పని చేశాను. తీగ చుట్ట తీసి, కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఎప్పుడూ పట్టుకున్నట్టే పట్టుకుని, బావా అని పిలిచి చూశాను. గదిలో నేనొక్కణ్ణే. మోటార్ల రొద లేదు, వాన లేదు.

మాట రాలేదు. పెదాలు కలవవు. ముక్కులోంచి ఒక మూలుగు వచ్చింది, అంతే.

మూడుసార్లు ప్రయత్నించాను.

25వ తేదీ, మంగళవారం

పొద్దున. పసుపు వైరుని మొదలంటా కత్తిరించి పారేశాను. బోర్డునీ డ్రైవునీ గుడ్డలో చుట్టాను. కంప్యూటరు అట్టపెట్టెలో సర్దాను. తీగ చుట్ట బల్ల మీదే వదిలేశాను. ఫ్యూజు చొక్కా జేబులో వేసుకున్నాను.

పదవుతోంది. కింద నుంచి అక్క పిలుస్తోంది, నా పేరు పెట్టి.

రెండోసారి కూడా పిలిచింది.

మూడోసారి పిలిచేలోపే పలకాలి.